అత్తమ్మ గది వైపు వాలు

"క్యాంపర్ కింద ఏం పరిపిస్తే మంచిగుంటదో నువ్వే చూడు. ఆఫీసుల నువ్వు చేసే పని గదే గదా," అన్నాడు ఎల్లేష్.

పొద్దున ఏడు గంటలు. నేను రొట్టెలు చేస్తున్నాను. మే నెలలో మా వంటింట్లో ఆ వేళకే గోడలు కాలుతుంటాయి. పిండిముద్ద చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పెళ్లయిన ఇరవై మూడేళ్లలో నా ఉద్యోగానికీ మా ఇంటికీ సంబంధం ఉందన్నట్టు అతను మాట్లాడటం అదే మొదటిసారి. పెనం మీద రొట్టె మాడిన వాసన వచ్చేదాకా కదల్లేదు. "మాడుతుంది చూడు," అని అతనే చెప్పి బయటికి వెళ్లిపోయాడు.

నేను చంద్రపూర్‌లోని తుకుం పేటలో ఒక ఇంజనీరు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేస్తున్నాను. ఐటీఐలో ఆ కోర్సు పేరు అదే, ఆడవాళ్లకని వేరే పేరు పెట్టలేదు. పంతొమ్మిదేళ్లుగా ఇళ్లు, గోదాములు, మురుగుకాలవలు గీస్తున్నాను. ఏ మట్టి మీద ఎంత లోతు పునాది వెయ్యాలో లెక్కలు కూడా చాలాసార్లు నేనే చూస్తాను. కాగితం కింద కుడిమూల గడిలో మాత్రం ఆఫీసు యజమాని వాంఖడే సర్ సంతకం ఉంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి ఆ విషయం ఎల్లేష్‌తో బాధగా చెప్పుకున్నాను. అతను నవ్వి, జీతం ఇస్తున్నాడు గదా అన్నాడు. మళ్లీ చెప్పలేదు. మా అత్తమ్మ రుక్కమ్మ ఎవరైనా అడిగితే, "మా కోడలిది ఏసీల కూసుండే నౌకరి," అంటుంది. అది పొగడటమో ఎత్తిపొడవటమో నాకు ఇప్పటికీ తెలియదు.

ఎల్లేష్ బొగ్గుగనిలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత మూడో నెలలో నాగపూర్ వెళ్లి, ఎవరో వాడి వదిలేసిన క్యాంపర్ ట్రైలర్ కొని, బొలెరో వెనక తగిలించుకుని బాబుపేట్‌లోని మా గల్లీలోకి తెచ్చాడు. రెండు చక్రాల మీద తెల్లటి గది. లోపల మంచం, గ్యాస్ పొయ్యి, చిన్న సింకు. గల్లీలో పిల్లలు దానికి డబ్బా అని పేరు పెట్టారు. ముప్పై ఏళ్లు భూమి కింద చీకట్లో పనిచేసినవాడు దేశం చూడాలనుకుంటే నాకు తప్పనిపించలేదు. కాళేశ్వరం ఒక్కసారి వెళ్లొచ్చాం. అతనూ అతని ముగ్గురు స్నేహితులూ గోదావరి వైపు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నేను రెండు రోజులు ఆ పొయ్యి ముందు, కప్పు తలకి తగులుతుంటే మెడ వంచుకుని వంట చేశాను. తిరిగొచ్చాక అందరికీ, "మా జ్యోతిలక్ష్మికి మస్తు రెస్ట్ దొరికింది," అని చెప్పాడు.

ఎండలు ముదిరాక ప్రయాణాలు ఆగిపోయాయి. దీపావళి దాటేదాకా క్యాంపర్ కదలదు. గల్లీలో పెడితే పక్కింటివాళ్లు దారికి అడ్డమని గొడవ. ఇంటి వెనక జాగా ఉంది. అక్కడ పెట్టాలి, ఆరు నెలలు ఉండాలి, మధ్యలో వానాకాలం. నన్ను చూడమన్నది అదీ.

చూశాను. ఆదివారం పొద్దున్నే గడ్డపార తీసుకుని వెనక జాగాలో మోకాలిలోతు గుంత తవ్వాను. అడుగుదాకా నల్లరేగడి. ఎండకి వేళ్లు దూరేంత నెర్రెలిచ్చింది. ఈ మట్టి వాన పడగానే ఉబ్బుతుంది, ఎండగానే ముడుచుకుంటుంది, పైన ఏం పోసినా విరిచేస్తుంది. ఒక గ్లాసులో మట్టి పొడి వేసి నీళ్లు పోసి వంటింటి గట్టు మీద పెట్టి, సాయంత్రానికి అది ఎంత పొంగిందో స్కేలుతో కొలిచాను. తర్వాత ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపి జాగా వాలు చూడాలనుకున్నాను. రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి. అత్తమ్మ తన గది గడపలో కూర్చుని ఉంది. ఆమె గది ఇంటికి వెనక వైపు, ఆ జాగాలోకే తెరుచుకుంటుంది. గొట్టం కొస చేతికిస్తే డెబ్బై ఆరేళ్ల మనిషి బుద్ధిగా పట్టుకుంది.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"జాగ కొలుస్తున్న అత్తమ్మా."

వెనక ప్రహరీ దగ్గర కంటే ఆమె గడప దగ్గర నేల నాలుగు వేళ్లు పల్లంగా ఉంది. మిద్దె మీది నీళ్లు పడే గొట్టం కూడా అక్కడే. ఆ సంగతి నోటుబుక్కులో రాసుకున్నాను. ఆమెకి చెప్పలేదు. చెప్పాలని తోచను కూడా లేదు.

తర్వాతి వారమంతా మధ్యాహ్నం అన్నం తినే అరగంటలో డ్రాయింగ్ వేశాను. నల్లమట్టి రెండడుగులు తీసేయాలి. మొరం పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టాలి. దాని మీద మట్టి పైకి రాకుండా గుడ్డ పరిచి గిట్టి, అదే కంకర, పోయాలి. ఆరు నెలలు కదలని బండికి కింద తేమ శత్రువు. మట్టి మీద నిలబెడితే టైర్లు చివుకుతాయి, గడ్డి మొలుస్తుంది, అడుగున ఇనుము తుప్పు పడుతుంది. గిట్టి అయితే నీళ్లు కిందికి దిగిపోతాయి, గాలి ఆడుతుంది. చక్రాల కింద మాత్రం రెండు కాంక్రీటు పట్టీలు చాలు. అన్నిటికంటే ముందు వాలు తిప్పాలి. నీళ్లు అత్తమ్మ గది వైపు కాకుండా పక్క సందులోని మోరీలోకి పోవాలి. ఇదంతా గీస్తుంటే నాకు ఒళ్లు తేలికైంది. సర్ పనులు గీసేటప్పుడు ఎప్పుడూ అలా లేదు. మా ఆఫీసులో కొత్తగా చేరిన ఇంజనీరు ఉజ్వల, మరాఠీ అమ్మాయి, నా భుజం మీదుగా చూసి, "తాయీ, కింద గడి ఖాళీగా ఎందుకు? నీ పేరు రాయి," అంది. రాశాను. రాసేటప్పుడు ఎవరైనా చూస్తారేమోనని తలుపు వైపు చూశాను.

ఆ ఆదివారం ఎల్లేష్ స్నేహితుడు సతీష్ వచ్చాడు. చిన్న చిన్న కాంట్రాక్టు పనులు చేస్తుంటాడు. నేను చాయ్ ఇచ్చి, డ్రాయింగ్ తెచ్చి టీపాయ్ మీద పరిచాను. సతీష్ కాగితాన్ని ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిప్పాడు.

"గింత తవ్వుడెందుకు వదినే? వానలు పదిహేను దినాలల్ల వస్తయి. ఉన్నదాని మీదనే ఐదించుల స్లాబు పోద్దాం. ఒక్క దినంల ఖతం. ట్రక్కు నిలబెట్టినా ఏంగాదు."

"కింద నల్లరేగడి ఉంది తమ్మీ. పగుల్తది. పైనే పోస్తే స్లాబు అత్తమ్మ గడపకు సమానమైతది. నీళ్లు రూంలకు వస్తయి," అన్నాను.

ఎల్లేష్ చాయ్ గ్లాసు డ్రాయింగ్ మీద పెట్టాడు. కావాలని కాదు, అక్కడ జాగా ఉంది కాబట్టి పెట్టాడు. "అరే, నేను నిన్ను చూడమన్నది రంగు," అన్నాడు. "గట్టూ బిళ్లలు పరిపిద్దామనుకున్న గదా, ఎర్రయి మంచిగుంటయా, పసుపుయా అని. నువ్వు ఇంత పుస్తకం రాసినవ్."

సతీష్ నవ్వాడు. కీడు తలపెట్టిన నవ్వేం కాదు. వదినెగార్లతో ఎలా నవ్వుతారో అలా నవ్వాడు. నేనూ నవ్వాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది. నేనూ నవ్వి, ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లాను. సింకు దగ్గర నిలబడి ఇంకోసారి, కొంచెం గట్టిగా, "నీళ్లు మాత్రం వస్తయి," అన్నాను. "గా ముచ్చట మీ సర్ ముంగట చెప్పు, ఇంటాడు," అన్నాడు ఎల్లేష్ అక్కణ్నించే.

నాలుగు రోజుల తర్వాత కాంక్రీటు మిక్సర్ వచ్చింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వెనక జాగా అంతా నున్నగా, బూడిదరంగులో, ఒక్క మచ్చ లేకుండా మెరుస్తోంది. చూడటానికి బాగుంది. తడిపి పెట్టే పని నాకు చెప్పారు. పొద్దున ఆఫీసుకి వెళ్లేముందు, సాయంత్రం వచ్చాక వారం రోజులకు పైగా నేనే గోనెసంచులు పరిచి తడిపాను. తడిపిన ప్రతిసారీ నీళ్లు ఎటు నడుస్తున్నాయో చూశాను. సన్నగా, పాములా, అత్తమ్మ గడప వైపే.

ఆ తర్వాత క్యాంపర్‌ని వెనక్కి తోలి, నీలం టార్పాలిన్ కప్పి, తాళ్లతో కట్టేశారు. నాకు వాన భయం పట్టుకుంది. చిన్నప్పట్నుంచీ చంద్రపూర్ ఎండలో వాన కోసం ఎదురుచూసిన మనిషిని, ఇప్పుడు పడమట మబ్బు కనిపిస్తే అది అటే పోవాలని కోరుకునేదాన్ని. ఆఫీసులో కిటికీ పక్క కుర్చీ నాది, అరగంటకోసారి ఆకాశం చూసేదాన్ని. ఫోన్లో వాతావరణం చూసేదాన్ని. అత్తమ్మ గది గడప దగ్గర రెండు ఇసుక సంచులు పెట్టాను. కాలికి తట్టుకుంటున్నాయని ఎల్లేష్ తీసేశాడు. "అత్తమ్మా, వానాకాలమంతా ముంగటి అర్రల పండు," అని రెండుసార్లు అడిగాను. ఆమె నా ముఖంలోకి అనుమానంగా చూసి, "నా అర్ర నాకు మంచిగనే ఉంది," అంది. ఎందుకో చెప్పి ఉంటే సరిపోయేది. చెబితే ఆమె కొడుకుని అడుగుతుంది, కొడుకు నన్ను అడుగుతాడు, అవ్వకి లేనిపోనివి చెబుతున్నావా అంటాడు, ఆ మాట ఆ వారమంతా ఇంట్లో తిరుగుతుంది. నేను చెప్పాల్సినవాళ్లకి చెప్పాను అని మనసుకి సర్దిచెప్పుకున్నాను. ఆ మాట పట్టుకుని రోజులు గడిపాను. నిజానికి లోపల ఇంకొకటి కూడా ఉంది. రానీ, వాన రానీ, ఆ స్లాబు పగలనీ, అప్పుడు తెలుస్తుంది అని నాలో ఒక మనిషి కాచుకుని కూర్చుంది. ఆ మనిషి నాకు కొత్త. ఆమెను చూసి కూడా భయమేసింది.

జూన్ మూడో వారంలో, ఒక మధ్యాహ్నం మూడు గంటలకి వచ్చింది. చినుకులు లేవు, ముందు గాలి లేదు, ఒకేసారి కుమ్మరించింది. ఐదు నిమిషాల్లో ఆఫీసు ముందు రోడ్డు కనబడలేదు. నేను ఎల్లేష్‌కి ఫోన్ చేశాను. సతీష్ ఇంట్లో ఉన్నానన్నాడు.

"అత్తమ్మ ఒక్కతే ఉంది. నువ్వు జర ఇంటికి పో."

"వాన పడితే ముసలోళ్లు ఇంట్లనే ఉంటరు గదా, ఏడికి పోతది? ఊకె పరేషాన్ చెయ్యకు."

లేచి బ్యాగు తీసుకున్నాను. వాంఖడే సర్ తన గదిలోంచి, ఆ గోదాము డ్రాయింగ్ ఐదింటిలోపు పంపాలని గుర్తుచేశారు. ఇరవై నిమిషాల పని. నేను మళ్లీ కూర్చున్నాను. ఇది నేను ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను. అంతా తెలిసి, ఆ ఇరవై నిమిషాలు కూర్చుని పని పూర్తిచేశాను.

స్కూటీ మీద తడుస్తూ ఇంటికి చేరేసరికి వాన తగ్గింది. వెనక జాగా చెరువులా ఉంది. స్లాబు మధ్యలో అడ్డంగా పగిలి, ఒక చక్రం వైపు కుంగి, క్యాంపర్ ప్రహరీ గోడ మీదికి ఒరిగింది. దాని వంక నేను రెండోసారి చూడలేదు. అత్తమ్మ గదిలో చీలమండ లోతు నీళ్లు. ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. చీర నడుందాకా తడిసి ఒంటికి అతుక్కుంది. మంచం కింది బట్టల మూట నానిపోతుందని దిగిందట, కాలు జారిందట. కుడి మణికట్టు వంకరగా వేలాడుతోంది. ఏడవటం లేదు. నన్ను చూసి, "మూట మంచం మీద పెట్టు బిడ్డా," అంది. నేను మూట తియ్యలేదు. ఆమె పక్కన నీళ్లలో కూలబడ్డాను.

ఆస్పత్రిలో కట్టు కట్టారు. రెండు రోజులు ఉంచుకోవాలన్నారు. చూడటానికి వచ్చిన చుట్టాలందరికీ ఎల్లేష్ ఒకే మాట చెప్పాడు. "ఇంట్ల ఇంజినీరు ఉండంగ గిట్లైంది, ఏం జెయ్యాలె." వాళ్లు నా వైపు జాలిగా చూశారు. వరండాలో నన్ను పక్కకి పిలిచి, "ఇగ నౌకరి బంద్ చెయ్యి. ఆరు వారాలు అవ్వకు చెయ్యి రాదు, ఎవరు చూస్తరు?" అన్నాడు. నేను వార్డు వైపు నడవబోతే, "ఎట్లైనా ఆడ సంతకం గూడ నీది గాదు గదా," అన్నాడు. అన్నేళ్ల కిందట నేను బాధపడి చెప్పుకున్న మాటని అంత జాగ్రత్తగా దాచుకున్నాడని నాకు తెలియదు.

ఆ మధ్యాహ్నం వార్డులో మేమిద్దరమే ఉన్నాం. నేను అత్తమ్మకి అన్నం కలిపి ముద్దలు పెడుతున్నాను. మూడో ముద్దకి నోరు తెరవలేదు.

"నీళ్లొస్తయని నీకు ఎర్కేనా?"

"ఎర్కే."

"నాతోని గొట్టం పట్టిచ్చిన నాడే ఎర్కేనా?"

"ఆ నాడే, అత్తమ్మా."

"మరి నాకెందుకు చెప్పలె?"

"ఆయనకు చెప్పిన. ఇనలే."

"ఆడు పండుతడా ఆ అర్రల?" అంది ఆమె. కోపంగా కాదు, తెలియక అడిగినట్టు అడిగింది. "పండేది నేను. నాకు చెప్పాలె గదా. ముంగటి అర్రల పండుమంటివి. ఎందుకో చెప్పకపోతివి. ముసల్దాని అర్ర కావాల్నేమో కోడలికి అనుకున్న."

నా చేతిలో అన్నం చల్లారిపోయింది. ఎల్లేష్ నన్ను ఏం చేశాడో నేను ఈమెను సరిగ్గా అదే చేశాను. గొట్టం పట్టించుకున్నాను, పని చేయించుకున్నాను, ఆ వాలు ఆమె ప్రాణం మీదికి వస్తుందని తెలిసీ ఆమెకు చెప్పనక్కర్లేదనుకున్నాను. అడగాల్సినవాళ్లలో, చెప్పాల్సినవాళ్లలో ఆమె నా లెక్కలోనే లేదు. "తప్పయింది," అన్నాను. ఆమె ఆ మాటని పట్టించుకోలేదు.

"మీ మామ పోయినంక ఆ ఇల్లు, ఆ జాగ నా పేరు మీద ఎక్కిచ్చిన్రు. ఏలిముద్ర ఏసొచ్చిన. పద్దెనిమిదేండ్లాయె. గోడ కట్టినా, డబ్బా తెచ్చినా, సిమెంటు పోసినా ఒక్కడు నన్ను అడగలె. నువ్వు గూడ అడగలె." ఎడమచేత్తో దుప్పటి సర్దుకుని, "ఇప్పుడు అడుగు," అంది.

"ఏమడగాలె?"

"ఏం జేస్తే నీళ్లు రావో చెప్పి, చెయ్యాల్నా వద్దా అని అడుగు."

చెప్పాను. మంచం మీద దుప్పటినే జాగా అనుకుని వేలితో గీసి చూపించాను. ముందుగా ఆమె గది గోడకి అడుగు దూరంలో స్లాబు కోసి, చిన్న కాలవ తీసి, సందులో మోరీలో కలపాలి. అది రెండు రోజుల పని, వానల్లో కూడా అవుతుంది. మిగతా స్లాబు దసరా తర్వాత పగలగొట్టి, మట్టి తీసి, మొరం, గిట్టి పోసుకోవాలి. అప్పటిదాకా క్యాంపర్ అక్కడ ఉండకూడదు. ఆమె వింటూ మధ్యలో ఆపి, గిట్టి మీద నడిస్తే కాళ్లకు గుచ్చుకోదా అని అడిగింది. పంతొమ్మిదేళ్లలో నా డ్రాయింగ్ మీద ఎవరూ నన్ను అడిగిన ప్రశ్న కాదు అది. ఆమె గది నుంచి మోరీ దాకా నడవడానికి బండలు వేద్దామన్నాను. "మరి గట్లనే చెయ్యి," అని నోరు తెరిచింది. నేను ముద్ద పెట్టాను.

ఆమెను ఇంటికి తెచ్చిన మర్నాడు పొద్దున సచిన్ వచ్చాడు. తుకుంలో కాంక్రీటు కోసే మిషన్ పని చేస్తాడు, యాభై దగ్గరపడిన మనిషి. మా ఆఫీసు పనుల వల్ల ఫోన్లో ఎరుగుదును. రాత్రంతా నాకు నిద్ర లేదు. రావద్దని చెప్పేద్దామని రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుని పెట్టేశాను. సుద్దముక్కతో స్లాబు మీద గీత గీస్తుంటే ఒకచోట వంకర పోయింది. చెరిపి మళ్లీ గీశాను. అత్తమ్మ కట్టు చేతిని ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుని చూస్తోంది.

మిషన్ చప్పుడుకి ఎల్లేష్ బనీను మీదే పరుగెత్తుకొచ్చాడు.

"ఎవర్ని అడిగి పిలిచినవ్?"

"జాగ ఎవరిదో ఆమెను అడిగిన," అన్నాను.

అతను తల్లి వైపు చూశాడు. ఆమె అతని వైపు చూడలేదు. "క్యాంపర్‌ను ఇయ్యాల్నే తియ్యాలె, ఆడ మిషన్ తిరగదు," అంది సచిన్‌తో మాట్లాడినట్టుగా. ఎల్లేష్ ఏదో అనబోయి నా వైపు తిరిగాడు. ఏం అనబోతున్నాడో నాకు తెలుసు. అతను అన్నాక జవాబు చెప్పడం నాకు చేతకాదని కూడా తెలుసు. అందుకే ముందే చెప్పాను, నేను తొమ్మిదిన్నరకి ఆఫీసుకి వెళుతున్నానని, ఉద్యోగం మాననని, పన్నెండింటికి అవ్వకి అన్నం కలిపి పెట్టాల్సింది తనేనని. మిషన్ చప్పుడులో ఆ మాటలు చెప్పడానికి నేను గొంతు పెంచాల్సి వచ్చింది. అతనికి వినపడింది, సందులో నిలబడి చూస్తున్న పక్కింటివాళ్లకి కూడా వినపడింది.